సినిమాకి ఒక మోడ్, మ్యాచ్‌కి ఒక మోడ్: నిజంగా అవసరమా?

హాల్లో టీవీ:
కొత్తగా 55 అంగుళాల ఎల్ఈడీ టీవీ కొన్నాం. హాల్లో రెండు వైపులా కిటికీలు, పగలంతా వెలుతురే. పొద్దున అత్తగారి భక్తి చానెల్, మధ్యాహ్నం నుంచి సీరియళ్లు, మ్యాచ్ ఉన్న రోజు మామగారు, రాత్రి పిల్లలు పడుకున్నాక మేమిద్దరం ఓటీటీలో సినిమా. ఇప్పటికి పిక్చర్ మోడ్ స్టాండర్డ్‌లోనే ఉంది. చూసేదాన్ని బట్టి మోడ్ మార్చుకోవాలని ఒకరంటారు, ఒకసారి సినిమా మోడ్ పెట్టేసి ఇక ముట్టుకోవద్దని ఇంకొకరంటారు. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారు?

సినిమాస్కోప్:
ఒకటే మోడ్ పెట్టుకోండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది, లేకపోతే సినిమా మోడ్. కారణం కూడా చెప్తాను. సినిమాకి రంగులు దిద్దే గదిలో మానిటర్ అయినా, మ్యాచ్ ప్రసారం చేసే వ్యాన్‌లో మానిటర్ అయినా, తెలుపు ఎలా ఉండాలన్నదానికి కొలత ఒక్కటే, సుమారు 6500 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ తెలుపు నీలం వైపు పోతుంది). సీరియల్‌కి వేరే తెలుపు, క్రికెట్‌కి వేరే తెలుపు అని ఎక్కడా లేదు. స్టాండర్డ్, వివిడ్ మోడ్‌లు ఆ కొలత దాటి నీలం వైపు పోతాయి. పగలు వెలుతురు చాలకపోతే బ్యాక్‌లైట్ (తెర వెనక దీపాల వెలుగు) ఒక్కటి పెంచుకోండి, మిగతావి ముట్టుకోకండి. మోషన్ స్మూతింగ్ మాత్రం పూర్తిగా ఆపేయండి. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములు. మధ్యలో లేని ఫ్రేములు టీవీ తనే కల్పించి పెడితే కోట్లు పోసి తీసిన సినిమా కూడా మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది. 2018 చివర్లో హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్ లాంటివాడే వీడియో పెట్టి మరీ దీన్ని ఆపుకోమని జనాన్ని అడిగాడు.

గుంటూరు మిర్చి:
వివిడ్ పెట్టుకోండి బాస్. అంత డబ్బు పోసి కొన్నది మసగ్గా చూడటానికా?

హన్మకొండ ఫిట్టర్:
టీవీలు బిగించడమే నా పని, రోజూ నాలుగైదు ఇళ్లు తిరుగుతా. సినిమాస్కోప్ గారు చెప్పిన కొలతలు చీకటి గదిలో కూర్చున్నవాళ్లవి. ఆ గదిలో తెర వెలుగు 100 నిట్స్ (వెలుగు కొలత) ఉంటే చాలు. ఎండ పడే హాల్లో ఆ వెలుగుకి నల్ల చొక్కా ఏదో నల్ల గోడ ఏదో తెలియదు. మనవాళ్లు చాలామంది ‘బ్రైట్‌నెస్’ పెంచుతారు, అదీ తప్పే. చాలా టీవీల్లో అది నలుపు స్థాయిని మార్చేది, పెంచితే నలుపంతా బూడిద రంగవుతుంది. పెంచాల్సింది బ్యాక్‌లైట్. సోనీ లాంటి కొన్నింట్లో మాత్రం బ్రైట్‌నెస్ అంటేనే బ్యాక్‌లైట్, నలుపుకి బ్లాక్ లెవెల్ లాంటి పేరుతో వేరే ఉంటుంది. అందుకే పగటికి ఒక మోడ్, రాత్రికి ఒక మోడ్ పెట్టి ఇస్తా.

ఇక మ్యాచ్‌కి స్మూతింగ్ ఉండాల్సిందే, బంతి సాఫీగా కదలాలి కదా.

సినిమాస్కోప్:
బంతి సంగతి తర్వాత. మన దగ్గర చానెళ్లలో వచ్చేదే సెకనుకి 50 ఫీల్డులు (ఫీల్డు అంటే గీత విడిచి గీత ఉండే సగం బొమ్మ). టీవీ దాన్ని సరిగ్గా విప్పితే కదలిక అందులోనే ఉంటుంది, కొత్తగా కల్పించాల్సిన పని లేదు. స్మూతింగ్ ఎక్కువ పెట్టిన టీవీలో కవర్ డ్రైవ్ కొట్టిన బంతిని చూడండి. వెనకాల తోక వస్తుంది, గడ్డి మీద ఒక్కోసారి బంతే మాయమవుతుంది.

హన్మకొండ ఫిట్టర్:
తోక రాదు.

సినిమాస్కోప్:
వస్తుంది.

హన్మకొండ ఫిట్టర్:
‘హై’ పెడితే వస్తుంది. ‘లో’ పెడితే రాదు. మీరు సెట్ టాప్ బాక్స్ గురించి చెప్తున్నారు, ఇప్పుడు సగం ఇళ్లల్లో మ్యాచ్ చూసేది యాప్‌లో. నెట్ సరిగ్గా లేని చోట ఆ యాప్‌లో వచ్చే బొమ్మ ఎన్ని ఫ్రేములు ఉంటుందో దేవుడికే తెలియాలి. అక్కడ స్మూతింగ్ ‘లో’ మీద పెడితే చూసేవాడికి తల నొప్పి తగ్గుతుంది. ఇంకోటి, ‘ఒకటే మోడ్’ అన్నారు కదా, డాల్బీ విజన్ (వెలుగునీడల తేడా ఎక్కువ చూపించే వీడియో రకం) సినిమా మొదలవగానే టీవీ మిమ్మల్ని అడగకుండానే వేరే మోడ్‌లోకి పోతుంది, దాని సెట్టింగులు దానికి విడిగా ఉంటాయి. మీ ఒకటే మోడ్ అక్కడే రెండైంది.

పాత సినిమాల పిచ్చి:
చిన్న చిట్కా. యాభైల నాటి నలుపు తెలుపు సినిమా ఏదైనా పెట్టి మోడ్‌లు ఒక్కోటి మార్చి చూడండి. స్టాండర్డ్‌లో పౌరాణికాల్లో వెన్నెల నీలంగా, నీలం తగ్గించే ‘వార్మ్ 2’ సెట్టింగులో కాస్త గోధుమ రంగులో కనిపిస్తుంది. రంగే లేని సినిమాలో టీవీ ఎంత రంగు కలుపుతోందో అప్పుడు తెలుస్తుంది.

కాకినాడ లక్ష్మి:
సినిమా మోడ్ పెడితే మా ఇంట్లో అందరి మొహాలూ పసుపు పచ్చగా ఉన్నాయి. యాంకర్ తెల్ల చీర కట్టుకుందో గంధం రంగు కట్టుకుందో అర్థం కాలేదు. దీన్ని ‘కరెక్ట్’ అని ఎలా అంటారు?

సినిమాస్కోప్:
లక్ష్మి గారూ, అది పసుపు కాదు, ఇన్నాళ్లూ మీరు చూసిందే నీలం. తెల్ల బట్టలకి నీలిమందు పెడితే ఎక్కువ తెల్లగా కనిపిస్తాయి కదా, కంపెనీలు చేసేదీ అదే. షోరూములో పక్కపక్కన పెట్టిన టీవీల్లో నీలంగా వెలిగేదే మన కంటిని లాగుతుంది, అమ్ముడుపోతుంది. ఓ వారం వార్మ్‌లో ఉంచండి, తర్వాత స్టాండర్డ్‌కి వెళ్తే మీకే నీలంగా కనిపిస్తుంది. కళ్లు అలవాటు పడాలి, అంతే.

కాకినాడ లక్ష్మి:
ఈ ‘అలవాటు పడాలి’ అన్న మాట మా తమ్ముడి నోట చాలాసార్లు విన్నాను. వాడు అమెరికా నుంచి సెలవులకి వస్తాడు, మొదటి రోజే అమ్మ టీవీ ముందు కూర్చుని ఫోన్లో ఏదో చూస్తూ అన్నీ మార్చేస్తాడు, షార్ప్‌నెస్ సున్నా, రంగు వార్మ్, వెలుగు తగ్గించడం. ‘ఇప్పుడు చూడమ్మా’ అంటాడు. అమ్మ బాగుందిరా అంటుంది. వాడు విమానం ఎక్కాక నాకు ఫోన్ చేసి, ‘సీరియల్లో ఎవరు ఎవరో ఆనవాలు తెలియట్లేదే’ అంటుంది. వాడికి చెప్పదు, బాధపడతాడని. మళ్లీ నేను వెళ్లి మార్చాలి.

సినిమాస్కోప్:
మీ తమ్ముడి మీద కోపం నా మీద చూపిస్తే ఎలా? నేను వెలుగు తగ్గించమనలేదు, పైన చదవండి. షార్ప్‌నెస్ అన్ని టీవీల్లో సున్నా అనీ అనలేదు. కొన్ని కంపెనీల్లో సున్నా దగ్గర బొమ్మ ఉన్నదున్నట్టు వస్తుంది, సోనీలో 50 దగ్గర. అది చూడకుండా సున్నా చేశాడంటే తప్పు ఆయనది.

గుంటూరు మిర్చి:
నేను చెప్పానా? వివిడ్.

సినిమాస్కోప్:
వివిడ్ పెట్టుకునేవాళ్లకి రంగుల గురించి చెప్పడం నాదే బుద్ధి తక్కువ. డైరెక్టరు, కెమెరామన్ నెలల తరబడి కూర్చుని ఒక సీను సాయంత్రం వెలుగులో ఇలా ఉండాలని తీర్మానిస్తే, మనం రిమోట్ తీసుకుని దాన్ని మిట్టమధ్యాహ్నం చేసేస్తాం. 2019లో సినిమావాళ్లు, టీవీ కంపెనీలు కలిసి ఫిల్మ్‌మేకర్ మోడ్ తెచ్చిందే ఇందుకు. నచ్చనివాళ్లు రేడియో వినండి.

హన్మకొండ ఫిట్టర్:
గిదేం మాట సార్. పెద్దావిడకి కనబడట్లేదు అంటే రేడియో వినమంటారా?

కాకినాడ లక్ష్మి:
చెప్పనివ్వండి ఫిట్టర్ గారూ, ఇప్పుడు అసలు మాట వచ్చింది. మా అమ్మకి డెబ్బై దాటాయి. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది ఇంకా తీయలేదు. తీసిన కంటితో గోడ తెల్లగా, కాస్త నీలంగా కూడా కనిపిస్తుందట, తీయని కంటితో అదే గోడ పసుపుగా ఉందంటుంది. వయసుతో కంట్లో కటకం పసుపు రంగుకి తిరుగుతుందని, లోపలికి వెళ్లే వెలుతురు కూడా తగ్గుతుందని డాక్టరు చెప్పారు. మీ 6500 ఏ కంటికి సార్? మీరేమో డైరెక్టర్ ఏం చూపించాలనుకున్నాడో అది అంటున్నారు. సోఫాలో కూర్చున్న మనిషికి ఏం కనబడుతోందని మీరుగానీ మా తమ్ముడుగానీ ఒక్కసారి అడిగారా?

సినిమాస్కోప్:
అమ్మగారి విషయం తెలియక అన్నాను. కానీ అందుకు కూడా వివిడ్ మందు కాదు. తీయని కంటికి కావాల్సింది ఎక్కువ వెలుగు. వార్మ్ ఉంచి బ్యాక్‌లైట్ నూటికి నూరు పెట్టండి, గామా (నలుపు తెలుపుల మధ్య వెలుగు ఎలా పెరగాలో చెప్పే సెట్టింగు) 2.2కి తెండి, చీకటి సీన్లు కాస్త తేలికవుతాయి. వివిడ్‌లో రంగు గుమ్మరిస్తే మొహాలు ఎర్రబడతాయి గానీ ఆనవాలు తెలియదు.

కాకినాడ లక్ష్మి:
బ్యాక్‌లైట్ మాట ఒప్పుకుంటా, అది చేసి చూస్తాను. వార్మా కూలా అన్నది మాత్రం అమ్మే చెప్తుంది, మీరు కాదు.

సినిమాస్కోప్:
తన టీవీలో తన ఇష్టం. కానీ ‘కరెక్ట్’ ఏది అని అడిగింది మీరే, దానికే సమాధానం చెప్పాను. ఇష్టం వేరు, కరెక్ట్ వేరు.

హన్మకొండ ఫిట్టర్:
ఇద్దరూ కొట్టుకునే పని లేదు. చాలా టీవీల్లో పిక్చర్ సెట్టింగు అన్ని ఇన్‌పుట్‌లకీ వర్తించాలా, ఇప్పుడున్న దానికేనా అని అడుగుతుంది. ‘ఇప్పుడున్న దానికే’ అని పెట్టండి. సెట్ టాప్ బాక్స్ ఉన్న హెచ్‌డీఎమ్ఐ పెద్దవాళ్లకి నచ్చినట్టు, ఓటీటీ చూసే స్టిక్ ఉన్న హెచ్‌డీఎమ్ఐ మీకు నచ్చినట్టు. నేను వెళ్లిన ఇళ్లల్లో మోడ్ గురించి అత్తాకోడళ్ల గొడవ ఇట్లనే తీర్చిన. ఫైర్ టీవీ స్టిక్‌లో అయితే వీడియో ఫ్రేమ్ రేటుకి తగ్గట్టు మార్చే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే 24 ఫ్రేముల సినిమా కుదుపు తగ్గుతుంది.

సినిమాస్కోప్:
ఇది మంచి మాట. స్టిక్ ఇన్‌పుట్‌లో స్మూతింగ్ ఆఫ్ చేయడం మర్చిపోకండి. సెట్ టాప్ బాక్స్‌లో కూడా ఆఫ్ చేస్తే ఇంకా మంచిది.

హన్మకొండ ఫిట్టర్:
సెట్ టాప్ బాక్స్‌కి ‘లో’ ఉంచుతా.

సినిమాస్కోప్:
తోక వస్తుంది.

హాల్లో టీవీ:
అందరికీ థాంక్స్. బాక్స్‌కి స్టాండర్డ్ ఉంచి బ్యాక్‌లైట్ పెంచాను, స్టిక్‌కి ఫిల్మ్‌మేకర్ పెట్టాను. అత్తగారికి తేడా తెలియలేదు, మా ఆయన మాత్రం రాత్రి సినిమా చీకటిగా ఉందంటున్నారు. ఇంకో సందేహం, మ్యాచ్‌లో కింద స్కోరు పట్టీ సగం కోసుకుపోతోంది. ఇది కూడా మోడ్ వల్లేనా?

హన్మకొండ ఫిట్టర్:
కాదమ్మా. పిక్చర్ సైజులో ఎల్‌జీ అయితే జస్ట్ స్కాన్, శాంసంగ్ అయితే ఫిట్ టు స్క్రీన్ చూడండి. అది ఆన్ చేస్తే పట్టీ మొత్తం వస్తుంది. మీది ఏ కంపెనీ?