గాలిగోపురం వెనక్కి వాలినట్టు వస్తోంది, లెన్స్ లోపమా?

పెన్నాగట్టు:
అన్నలూ, నెల్లూరు రంగనాథస్వామి గుడి గాలిగోపురం ఫోటో తీసి అమ్మకి ఫ్రేము కట్టించి ఇవ్వాలని రెండు ఆదివారాలుగా తిరుగుతున్నా. ఆ రద్దీలో వెనక్కి జరగడానికి చోటు దొరక్క కెనాన్ 10-18 మి.మీ. వైడ్ లెన్స్ (దగ్గర నుంచే ఎక్కువ దృశ్యం పట్టేది) కొన్నా. ఇప్పుడు గోపురమంతా పడుతోంది, కానీ వెనక్కి పడిపోతున్నట్టుంది, కలశాలు చీమల్లా ఉన్నాయి, పక్కన కరెంటు స్తంభం గోపురం మీదికి ఒరిగింది. లెన్స్ మార్చమని అడగనా?

కావలి కెమెరా:
లెన్స్ బాగానే ఉంది తమ్ముడూ, నువ్వు కెమెరాని పైకి ఎత్తుతున్నావు. ఎత్తితే ఏ లెన్స్‌తోనైనా నిలువు గీతలు పైన దగ్గరికొస్తాయి, వైడ్‌లో మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కెమెరాని నిలువుగా తిప్పి, తల ఎత్తకుండా తిన్నగా పట్టుకో. కింద సగం రోడ్డే వస్తుంది, రానీ, తర్వాత కత్తిరించెయ్. గోపురం సుమారు 70 అడుగులు, పైన కలశాలు ఇంకో 10. నీ లెన్స్ 10 మి.మీ. దగ్గర పెడితే 70 అడుగుల దూరం నుంచి కలశాల దాకా పడుతుంది, మామూలు లెన్స్ 18 మి.మీ. అయితే 120 అడుగులు వెనక్కి పోవాలి. ఎదురుగా ఎవరైనా 20 అడుగుల ఎత్తు మేడ ఎక్కనిస్తే 10 మి.మీ.తో 55 అడుగుల దూరం చాలు. అడిగి చూడు, దేవుడి ఫోటో అంటే కాదనరు.

గూడూరు:
చోటు లేకపోతే కొంచెం ఎత్తి తీసి ఫోన్‌లో స్నాప్‌సీడ్ యాప్‌లో ఒరిగిన గీతల్ని సరిచేసే పర్‌స్పెక్టివ్‌తో సరిచేసుకోవచ్చు, చుట్టూ ఖాళీ వదులు, అంచులు తెగిపోతాయి. ఒక్క జాగ్రత్త. గోపురం కట్టడమే పైకి సన్నబడుతూ పోతుంది కదా, దాని పక్క గీతల్ని నిలువు చేయబోయావంటే పెట్టెలా తయారవుతుంది. నేను అలా చేసి ప్రింటు వేయిస్తే మా నాన్న ఇది ఏ గుడి అని అడిగాడు, చాలా బాధేసింది. కింద ద్వారబంధం నిలువుగా ఉందో లేదో చూసుకో. స్తంభాన్ని నమ్మొద్దు, అది నిజంగానే ఒరిగి ఉండొచ్చు.

పెన్నాగట్టు:
పొద్దున్నే వెళ్లొచ్చా అన్నా. ఓ పెద్దాయన మేడ ఎక్కనిచ్చాడు, కాఫీ కూడా ఇచ్చాడు. ఈసారి గోపురం నిటారుగా నిలబడింది, బొమ్మలు కూడా విడివిడిగా తెలుస్తున్నాయి. కింద మూలలో పూలమ్మే ఆమె బుట్ట మాత్రం చాపంత సాగింది, అంచుల్లో ఇలాగే వస్తుందా? ఎలాగూ ఆ భాగం కత్తిరిస్తున్నాలే. 12కి 18 అంగుళాల ప్రింటు హాల్లో సరిపోతుందంటారా, ఇంకా పెద్దది వేయించనా?