2011లో ఆన్‌లైన్ వాలెట్‌ను నమ్మినవాళ్లది బద్ధకమేనా?

హన్మకొండ_చౌరస్తా (చర్చ మొదలుపెట్టినవారు):
మొన్న కాజీపేటలో పాత క్లాస్‌మేట్లం కలిశాం. బిట్‌కాయిన్ మాట వచ్చి, ఒకాయన "తొలి రోజుల్లో ఆన్‌లైన్ వాలెట్లో, అంటే వేరేవాళ్ల వెబ్‌సైట్లో, కాయిన్లు పెట్టి పోగొట్టుకున్నవాళ్లంతా బద్ధకస్తులు, సొంత కంప్యూటర్లో అసలు బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ నడుపుకోవాల్సింది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

2009లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ మొదటి నుంచి జరిగిన లావాదేవీలన్నీ దింపుకొని సరిచూశాకే మన లెక్క చూపేది. 2013 చివరికి ఆ చరిత్ర దాదాపు 13 జీబీ. ఆ ఏడాది నేను హన్మకొండలో అద్దె గదిలో ప్రయత్నించాను. నెలకు ఇంత అని కొలిచి ఇచ్చే నెట్, మధ్యలో కరెంటు కోతలు. ఆరు రోజులు నడిచాక ఫైలు పాడై మళ్లీ మొదటికొచ్చింది. అలాంటప్పుడు పాస్‌వర్డ్ కొడితే తెరుచుకునే వెబ్‌సైటు కనిపిస్తే మనిషి అటు పోడా? పైగా మైబిట్‌కాయిన్ అనే ఆన్‌లైన్ వాలెట్ సైటు 2011 జులై చివర్లో మూగబోయింది. చరిత్ర అంతా దింపుకోనక్కర్లేని తేలికపాటి వాలెట్ ఎలక్ట్రమ్ వచ్చింది ఆ తర్వాత, నవంబర్‌లో. అది చేతికి రాకముందే దెబ్బ తగిలింది.

ఎనుమాముల_మిర్చి:
అన్నా, రెండు కాలాలను కలిపేశావు. మైబిట్‌కాయిన్ పోయిన నాటికి చరిత్ర ఒక జీబీ కూడా లేదు. రాత్రంతా పెడితే దిగేది. 13 జీబీ అయ్యేనాటికి ఎలక్ట్రమ్, అలాంటిదే మల్టీబిట్, రెండూ ఉన్నాయి. అంటే నీ సాకు 2011కీ పనికిరాదు, 2013కీ పనికిరాదు.

మా నాన్న ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో గుమస్తా. ఊరూ పేరూ తెలిసిన అడ్తిదారు దగ్గర కూడా రైతు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చేతిలో పడందే కదలడు. మైబిట్‌కాయిన్ నడిపింది ఎవరు? టామ్ విలియమ్స్ అన్న పేరు తప్ప ఇంకేమీ తెలియదు. ఆగస్టులో హ్యాక్ అయిందన్నారు, ఉన్నదాంట్లో 49 శాతమే తిరిగిచ్చారు. ముఖం తెలియనివాడికి మొత్తం అప్పజెప్పడాన్ని ఏమనాలి?

ల్యాబ్_రెండో_అంతస్తు:
నాకు బాధ కలిగించేది వేరే. తేలికపాటి వాలెట్ ఎలా చేయాలో బిట్‌కాయిన్‌ను రూపొందించిన సతోషీ 2008 పత్రంలోనే, ఎనిమిదో భాగంలో ఉంది. లావాదేవీల చరిత్ర బ్లాకులనే కట్టలుగా ఉంటుంది, ప్రతి బ్లాక్ తలభాగం 80 బైట్లు. అవి మాత్రమే దాచుకుంటే ఏడాదికి 4.2 ఎంబీ చాలని లెక్క కూడా కట్టి పెట్టారు. ఊరి పహాణీ అంతా ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. ప్రతి పేజీ మీది ముద్ర మన దగ్గర ఉంటే, ఎవరో తెచ్చిన మన సర్వే నంబరు నకలు ఆ పేజీదేనా కాదా మనమే తేల్చుకోవచ్చు. అలా పనిచేసే కోడ్, మైక్ హెర్న్ రాసిన బిట్‌కాయిన్‌జె, బయటికొచ్చింది 2011 మార్చిలో. దాని మీదే ఆండ్రాయిడ్ వాలెట్, మల్టీబిట్ వచ్చాయి. పత్రానికీ ఆ కోడ్‌కీ మధ్యలో రెండేళ్లకు పైగా పోయాయి. ఆ ఖాళీలోకే ఆన్‌లైన్ సైట్లు దూరాయి.

ఇంకో మాట. ఆన్‌లైన్ వాలెట్లన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. మైబిట్‌కాయిన్ దగ్గర కీలు, అంటే కాయిన్ ఖర్చు పెట్టడానికి కావాల్సిన రహస్య సంఖ్యలు, సైటు చేతిలోనే ఉండేవి. ఇన్‌స్టావాలెట్‌లో అయితే పాస్‌వర్డే లేదు, లింకే తాళం. 2013 ఏప్రిల్లో అదీ హ్యాక్ అయి మూతపడింది. బ్లాక్‌చెయిన్ డాట్ ఇన్ఫో పద్ధతి వేరు. కీలను మన బ్రౌజర్లోనే లాక్ చేసి, లాక్ వేసిన ఫైలునే సర్వర్లో ఉంచేది. కానీ ఆ లాక్ వేసే కోడ్ కూడా సైటు నుంచే వస్తుంది కాబట్టి నమ్మకం పూర్తిగా తప్పలేదు. ఎలక్ట్రమ్ సర్వర్ మన నిల్వ గురించి అబద్ధం చెప్పగలదు, కానీ మన కాయిన్ ఖర్చు పెట్టలేదు. నా దృష్టిలో అసలు గీత అక్కడుంది.

జమ్మికుంట_పత్తి:
పోగొట్టుకున్నవాళ్లలో నేనొకణ్ని. సైటు పేరు చెప్పను. 2013లో ఒక పొద్దున తెరిస్తే పేజీ రాలేదు, అంతే. డబ్బు పెద్దది కాదు, కానీ ఆ వారం అన్నం సహించలేదు.

మిర్చి అన్నా, నాకు సొంత కంప్యూటర్ లేదు. జమ్మికుంటలో నెట్ సెంటర్లో గంటకింత ఇచ్చి కూర్చునేవాణ్ని. ఎలక్ట్రమ్ అయినా దేంట్లో పెట్టుకోవాలి? నా తర్వాత అదే కుర్చీలో ఇంకొకరు కూర్చునే మిషన్లో కీ వదిలి రావాలా? తేలికపాటి వాలెట్ తేలిక అయింది కంప్యూటర్ ఉన్నవాళ్లకే. ఇక జాగ్రత్త చెప్పేవాళ్లా? రిజర్వ్ బ్యాంక్ హెచ్చరిక వచ్చిందే 2013 డిసెంబర్ 24న. అప్పటికి నాది పోయింది.

ఎనుమాముల_మిర్చి:
తమ్మీ, నెట్ సెంటర్ సంగతి నాకు తట్టలేదు. బద్ధకం అన్న మాటను ఇక సమర్థించను. అయినా ఆండ్రాయిడ్ ఫోన్లు అప్పటికే వచ్చాయి కదా, వాలెట్ ఫోన్లోనే ఉండేది.

ల్యాబ్_రెండో_అంతస్తు:
ఫోన్ ఉన్నా గండం తప్పలేదు సర్. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే తీరులో లోపం బయటపడింది. ఫోన్లో పుట్టిన కీలు బయటివాళ్లు కనిపెట్టగలిగేలా ఉన్నాయి, కొందరి కాయిన్లు పోయాయి కూడా. కీ తమ చేతిలోనే పెట్టుకున్నవాళ్లు వాళ్లు.

హన్మకొండ_చౌరస్తా:
మిర్చి గారూ, 13 జీబీ సంగతిలో తప్పు నాదే, 2011కు అది వర్తించదు. కానీ పత్తి తమ్ముడు చెప్పిందే నేను చెప్పాలనుకున్నది, నాకంటే బాగా చెప్పాడు. తమ్ముడూ, ఆ సైటు కాక ఇంకెక్కడైనా పెట్టావా?

జమ్మికుంట_పత్తి:
మా బావ ల్యాప్‌టాప్‌లో ఒకసారి ఎలక్ట్రమ్ వేశాను అన్నా. వాలెట్‌ను మళ్లీ తెరిపించే పన్నెండు ఇంగ్లిష్ మాటలు కాగితం మీద రాసినట్టు గుర్తు. అమ్మ బీరువాలో ఉండొచ్చు. ఆదివారం ఊరికి పోతున్నా.

ల్యాబ్_రెండో_అంతస్తు:
దొరికితే దాన్ని ఏ వెబ్‌సైట్లోనూ టైప్ చేయకు, ఎవరికీ ఫోటో పంపకు, నాకు కూడా. పాత ఎలక్ట్రమ్ మాటల జాబితా 1626 మాటలది. ఇప్పటి వాలెట్లు చాలావరకు వాడే 2048 మాటల జాబితా వేరు. అందుకే వేరే యాప్‌లో పెడితే తప్పు అని చూపిస్తుంది, భయపడి కాగితం పారేయకు. అసలు ఎలక్ట్రమ్‌లోనే పెట్టి చూడు.