నాన్న మర్రి బోన్సాయ్‌ని ఎలా కాపాడుకోవాలి?

నాన్న పోయి ఏడు నెలలైంది. మేడ మీద ఆయన వదిలి వెళ్లిన వాటిలో నాకు అర్థం కానిది ఒక్కటే: మూరెడు ఎత్తయినా లేని, 22 ఏళ్ల మర్రి బోన్సాయ్, అంటే పళ్లెంలాంటి కుండీలో పొట్టిగా పెంచే చెట్టు. ఊరికి నీడనివ్వాల్సిన చెట్టును పళ్లెంలో బంధించడం పాపమని ఎన్నోసార్లు వాదించాను. ఆయన నవ్వి, మళ్లీ చిగుళ్లు తుంచుకునేవారు.

ఇప్పుడు నీళ్లు పోసేది నేనే. రోజూ పొద్దున మట్టిలో వేలు గుచ్చి తడి చూసే ఆ కాసేపు ఫోను గుర్తుకు రాదు. 1625 నుంచి పెంపకంలో ఉన్న ఒక పైన్ బోన్సాయ్ హిరోషిమా బాంబును తట్టుకుని, 1976లో జపాన్ కానుకగా వాషింగ్టన్ చేరిందని చదివాను. ఎన్ని చేతులు మారి ఉంటుందో!

మా మర్రికి మాత్రం ఆకులు పసుపుబారి రాలుతున్నాయి. కుండీ అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికొచ్చాయి. వానాకాలం మొదట్లో వేళ్లు కత్తిరించి మట్టి మార్చవచ్చా? ఎంత వరకు కత్తిరించాలి? వంపు కోసం ఒక కొమ్మకు చుట్టిన లోహపు తీగ బెరడులోకి దిగిపోయింది; విప్పాలా, ముక్కలుగా కత్తిరించి తీయాలా?

ఏళ్ల తరబడి పెంచుతున్నవారిని ఇంకొకటి అడగాలని ఉంది. ఇందులో మీకు దొరుకుతున్నది ఏమిటి? నాన్నను అడిగే అవకాశం పోగొట్టుకున్నాను.