బరంపురం ఎంత పెరిగిందో పాత శాటిలైట్ బొమ్మల్లో తేల్చడం ఎలా?

సిల్క్‌సిటీ_కుర్రాడు:
మాది ఒడిశా బరంపురం, గోపాల్‌పూర్ రోడ్డు వైపు. నాన్న ఇల్లు కట్టినప్పుడు చుట్టూ వరి మళ్లేనట, ఇప్పుడు గంటసేపు గట్టి వాన పడితే వీధిలో మోకాల్లోతు నీళ్లు. వార్డు మీటింగ్‌లో అడిగితే "అక్కడ ఎప్పుడూ నిలిచేవే" అని తేల్చేశారు. మ్యాప్‌తో నోరు మూయిద్దామని క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్) వేసుకుని, 1995 మే, 2023 మే ల్యాండ్‌శాట్ ఉపగ్రహం బొమ్మలు దింపి, కట్టడాలున్న చోటుని పట్టిచ్చే ఎన్‌డీబీఐ సూచీ లెక్క కట్టాను. తీరా చూస్తే 1995లోనే సగం గంజాం జిల్లా ఊరైపోయినట్టు ఎర్రగా వచ్చింది. ఎక్కడ తప్పాను?

పిక్సెల్_మాస్టారు:
తమ్ముడూ, మే నెల బొమ్మే కొంప ముంచింది. కోత అయి ఎండిపోయిన మడి, ఋషికుల్య ఇసుక, సిమెంటు కప్పు, మూడూ ఎన్‌డీబీఐ కంటికి దాదాపు ఒకటే. ఏడాదిలో మబ్బు లేని బొమ్మలన్నీ తీసుకుని, ఒక్కసారైనా పచ్చబడిన చోటుని పొలం కింద తీసెయ్. చేత్తో చేస్తే చస్తావు, శాటిలైట్ బొమ్మల్ని ఆన్‌లైన్‌లోనే లెక్కకట్టే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో చెయ్. బ్యాండ్లు (ఒక్కో రకం కాంతిలో తీసిన పొరలు) కూడా చూసుకో, 1995ది ల్యాండ్‌శాట్ 5, దానికి 5, 4 బ్యాండ్లు వాడాలి, ల్యాండ్‌శాట్ 8కీ 9కీ అయితే 6, 5. ఇక్కడ మా స్టూడెంట్లు కూడా ఏటా బోల్తా పడతారు. ఇంకో మాట, ల్యాండ్‌శాట్ బొమ్మలో ఒక్కో గడి (పిక్సెల్) పక్కకి 30 మీటర్లు, అంటే ఇంచుమించు 22 సెంట్లు, అందులో ఊరు కనిపిస్తుంది గానీ మీ వీధి కనిపించదు. 2015 తర్వాతి వాటికి యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలు వాడు, మామూలు రంగుల గడి 10 మీటర్లే, ఎన్‌డీబీఐకి కావలసిన ఒక బ్యాండు మాత్రం 20 మీటర్లు.

జైపూర్_బాబు:
ఇంత గొడవెందుకు, ఎస్ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) ఎత్తుల మ్యాప్ వేస్తే పల్లం తెలిసిపోదా?

పిక్సెల్_మాస్టారు:
కొండల్లో పనికొస్తుంది బాబూ. దాని ఎత్తుల్లో తేడాయే కొన్ని మీటర్లుంటుంది, పైగా కప్పుల్నీ చెట్లనీ కూడా నేల అనుకుంటుంది. బరంపురం లాంటి చదునైన ఊళ్లో కాలవ వాలు దానితో తేలదు.

గెడ్డ_ఒడ్డు:
మాది పర్లాకిమిడి. ఇల్లు ఎప్పుడొచ్చిందో శాటిలైట్ చెబుతుంది, గెడ్డ (వాగు) ఎటు పోయేదో చెప్పాలంటే మౌజా మ్యాపే (రెవెన్యూ గ్రామపటమే) దిక్కు. ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో మీ మౌజా తెరిచి, ప్లాట్ల కిసం (నేల రకం) దగ్గర "జలాశయ", "నాలా" అని ఎక్కడుందో చూడు, ఒడియా రాకపోతే పక్కింటి పిల్లాడితో చదివించుకో. ఆ మ్యాప్‌ని గుడి, చెరువుగట్టు, పాత రోడ్ల కూడలి గుర్తులు పెట్టుకుని శాటిలైట్ బొమ్మ మీద కూర్చోబెట్టు. మా వైపు అలా చేస్తే గెడ్డ రెండు చోట్ల మాయమైంది, ఒక చోట షెడ్డు, ఒక చోట రోడ్డు. ఎర్ర రంగు మ్యాప్ పట్టుకెళ్తే "ఊరు పెరగదా మరి" అంటారు, ప్లాటు నంబరు చూపిస్తే కాగితం తీసుకుంటారు.

సిల్క్‌సిటీ_కుర్రాడు:
మాస్టారూ, పొలాలు తీసేశాక 1995 బొమ్మ దారికొచ్చింది, బ్యాండ్లు కూడా తప్పే పెట్టాను. నిన్న రాత్రి మౌజా మ్యాప్ కూడా కూర్చోబెట్టాను అన్నా. నాలా గీత మా వీధి మొగలో మొదలై సరిగ్గా మా వాకిట్లోంచే పోతోంది. నాన్నకింకా చూపించలేదు.