బేస్‌కి వాల్వ్ ఓవర్‌డ్రైవ్ పెడితే రెండు పికప్‌లూ కలిపి పంపాలా, విడదీసి పంపాలా?

హైదరాబాద్_బేస్:
అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా మా బ్యాండ్‌లో ఇదే వాదన. నాది జాజ్ బేస్ తరహా గిటార్: రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేవి), రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్. 12ఏఎక్స్7 వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) ఉన్న ఓవర్‌డ్రైవ్ పెడల్, అంటే శబ్దాన్ని గరుకుగా చేసేది, ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంట్లో ఒక్కడినే వాయిస్తే గది నిండిపోతుంది. రిహార్సల్‌లో డ్రమ్స్, రెండు గిటార్లు మొదలయ్యాక పెడల్ నొక్కానంటే, బేస్ ఏమైందని మా డ్రమ్మర్ తలెత్తి చూస్తాడు.

మెడ వైపున్న నెక్ పికప్‌ని క్లీన్‌గా (పెడల్ తగలకుండా) వదిలేసి, తీగల చివర ఉన్న బ్రిడ్జ్ పికప్‌ని మాత్రమే పెడల్‌లోకి పంపమని మా గిటారిస్ట్ అంటాడు. రెండు పికప్‌లూ కలిస్తేనే ఆ వాయిద్యం గొంతు అని నేనంటాను. దాన్ని చీల్చితే ఒకే బేస్‌ని ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. మీరేమంటారు?

విశాఖ_లో_ఎండ్:
నేను మీ గిటారిస్ట్ వైపే. ఓపెన్ ఇ తీగ 41 హెర్ట్జ్. బేస్ సిగ్నల్‌లో బలమంతా కిందే ఉంటుంది, వాల్వ్‌ని ముందుగా నింపేసేది ఆ బలమే. ఒకసారి క్లిప్ అవడం (తరంగం కొసలు తెగడం) మొదలైతే పైన కొత్త హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీలు) పుడుతూ పోతాయి కానీ కింది స్వరం ఇక పెరగదు. చెవికి మాత్రం మొత్తం శబ్దం పెరిగినట్టే ఉంటుంది, అందుకని పెడల్ లెవెల్ తగ్గిస్తాం. ఆ తగ్గింపులో పోయేది కింది స్వరమే. మీ డ్రమ్మర్ వెతుక్కుంటున్నది దాన్నే.

గిటార్ కోసం చేసిన పెడల్ అయితే ఇంకా కష్టం. ట్యూబ్ స్క్రీమర్‌నే తీసుకోండి, దాదాపు 720 హెర్ట్జ్ నుంచి కిందికి వెళ్లే కొద్దీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) పడిపోతుంది. బేస్ కోసం చేసినవాటి మీద క్లీన్ కలిపే నాబ్ ఉండేది అందుకే. బాస్ కంపెనీ ఓడీబీ-3 మీద బ్యాలెన్స్ అని ఉంటుంది, డార్క్‌గ్లాస్ బీ3కే మీద బ్లెండ్ అని ఉంటుంది. మీ పెడల్‌కి అలాంటి నాబ్ లేకపోతే ఆ పని పికప్‌లతో చేయాల్సిందే.

పాత_ఆంప్:
విశాఖ తమ్ముడూ, నీ లెక్క సరైనదే. కానీ ఆ లెక్క ప్రకారం పోతే ఓవర్‌డ్రైవ్ అన్నదానికే అర్థం లేకుండా పోతుంది. ఆంపెగ్ ఎస్‌వీటీ బేస్ ఆంప్ 1969లో వచ్చింది, 300 వాట్లు, అంతా వాల్వ్‌లే. దాన్ని పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబినెట్‌తో వాడినవాళ్లు క్లీన్‌ని వేరుగా ఎక్కడ దాచుకున్నారు? మోటర్‌హెడ్ బ్యాండ్ లెమ్మీ తన రికెన్‌బ్యాకర్ బేస్‌ని మార్షల్ వాల్వ్ ఆంప్‌లోకి పెట్టి గిటార్‌లా కార్డ్స్ మోగించాడు. ఆ బేస్ వినపడలేదని ఎవరూ అనలేదు.

వాల్వ్‌తో అసలు సుఖం వేళ్లకి తెలుస్తుంది. మెల్లగా తాకితే శుభ్రంగా పలుకుతుంది, గట్టిగా లాగితే గురగురమంటుంది. ఆ రెండింటి మధ్య వంద మెట్లున్నాయి. కింద ఎప్పుడూ ఒక క్లీన్ పొర పరిచేస్తే ఆ మెట్లు సగం కనపడవు. నలభై ఏళ్లు దాటిన నా చేతులు ఇప్పటికీ ఆ మెట్ల కోసమే వాయిస్తున్నాయి.

హైదరాబాద్, మీ సమస్య రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరవడంలో ఉండొచ్చు. ఒకే తీగని రెండు చోట్ల వింటున్నారు. కొన్ని హార్మోనిక్స్ ఒక పికప్ దగ్గర పైకి వెళ్తుంటే రెండో దాని దగ్గర కిందికి వస్తుంటాయి, కలిపినప్పుడు కొట్టుకుపోతాయి. మధ్య భాగం గుంట పడుతుంది. విడిగా వింటే అందంగానే ఉంటుంది, డ్రైవ్ పెడితే పళ్లు లేని నోరు. నెక్ పూర్తిగా ఉంచి బ్రిడ్జ్ వాల్యూమ్‌ని పదిలో ఏడు దగ్గరికి తగ్గించండి. గెయిన్ ఇంట్లో పెట్టినదాంట్లో సగం చాలు.

సోల్డరింగ్_గన్:
ఏడుకి తగ్గించండి అన్నారు, దాని ఖరీదు కూడా చెప్పాలి గురువుగారూ. ఈ తరహా గిటార్లలో సాధారణంగా రెండు కాయిల్స్ ఎదురెదురు దిశల్లో చుట్టి, అయస్కాంతాలు కూడా తిప్పి పెడతారు. రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉన్నప్పుడే రెండింటి హమ్ (కరెంట్ వల్ల వచ్చే గుయ్‌మనే రొద) ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. ఒకటి తగ్గిస్తే హమ్ మళ్లీ మొదలు, దాన్ని ఓవర్‌డ్రైవ్ నాలుగింతలు చేసి ఇస్తుంది. మన కరెంట్ 50 హెర్ట్జ్. ఇ తీగ మూడో ఫ్రెట్ మీద జి 49 హెర్ట్జ్. ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలని పెంచి తగ్గించే దానితో) హమ్ కోద్దామంటే ఆ జి కూడా పోతుంది.

ఇంకో మాట, వాల్వ్ అన్న పేరు చూసి మోసపోకండి. ట్యూబ్ స్క్రీమర్‌లో ట్యూబ్ లేదు, ఓపాంప్ అనే చిప్, డయోడ్‌లు ఉంటాయి. డార్క్‌గ్లాస్ మైక్రోట్యూబ్స్‌లోనూ వాల్వ్ లేదు. అయినా రెండూ మంచి పెడల్సే. నిజంగా వాల్వ్ ఉన్న పెడల్స్‌లో కొన్ని దాన్ని 9, 12 వోల్ట్‌ల మీదే నడిపిస్తాయి. ఆంప్‌లో అదే వాల్వ్ వంద, రెండు వందల వోల్ట్‌ల మీద పనిచేస్తుంది. తక్కువ వోల్టేజ్‌లో అది త్వరగా, ముద్దగా క్లిప్ అవుతుంది. అదీ ఒక రంగే, కానీ ఎస్‌వీటీ రంగు కాదు. పైగా ఆ వాల్వ్ ఫిలమెంట్ ఒక్కటే 12.6 వోల్ట్‌ల దగ్గర 150 మిల్లీఆంప్‌లు తాగుతుంది. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే చిన్న అడాప్టర్‌కి తగిలించారా? ముందు అది చూసుకోండి.

పాత_ఆంప్:
హమ్ సంగతి ఒప్పుకుంటున్నా. నాది ఫెండర్ ప్రెసిషన్ బేస్, 1957 నుంచీ దాని పికప్ రెండు ముక్కలుగా ఉండి హమ్‌ని తానే రద్దు చేసుకుంటుంది. అందుకే ఆ బాధ నాకు తట్టలేదు.

ఆస్టిన్_నుంచి:
విడదీయడం కొత్తేమీ కాదు. రికెన్‌బ్యాకర్ 4001లో రిక్-ఓ-సౌండ్ జాక్ ఉండేది, నెక్ ఒక ఆంప్‌కి, బ్రిడ్జ్ ఇంకో ఆంప్‌కి. బేసిస్ట్ బిల్లీ షీహన్ తన ప్రెసిషన్‌కి నెక్ దగ్గర ఇంకో లావుపాటి పికప్ బిగించి, రెండు అవుట్‌పుట్‌లు పెట్టుకున్నాడు. కింది స్వరం అక్కడి నుంచి క్లీన్‌గా, మధ్య పికప్ డిస్టార్షన్‌లోకి. హైదరాబాద్ గారూ, ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుందన్న మీ భయం ఆయన వాయిద్యం వింటే పోతుంది.

కానీ నేను నా జాజ్ బేస్‌కి స్టీరియో జాక్ బిగించి ఏడాది వాడాక తెలిసిన ఇబ్బంది ఒకటి ఉంది. వాల్వ్‌లో ఒక గెయిన్ దశ దాటితే సిగ్నల్ తలకిందులవుతుంది. రెండు దశలు దాటితే మళ్లీ మామూలే. మీ పెడల్ తలకిందులు చేసే రకమైతే, దాన్ని క్లీన్ నెక్‌తో కలిపినప్పుడు కింది స్వరం రద్దయిపోతుంది. నేను మూడు నెలలు స్పీకర్‌ని తిట్టుకున్నాను. మిక్సర్‌లో ఒక చానెల్‌కి ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) నొక్కి ఓపెన్ ఇ మీటండి. ఏ వైపు లావుగా వినిపిస్తే అదే సరైనది.

విశాఖ_లో_ఎండ్:
ఆంప్ లేకుండా నేరుగా మిక్సర్‌కి వెళ్లేవాళ్లకి నాదో మాట. పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న ఆ పాత క్యాబినెట్‌లో ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్) లేదు, అందుకే ఆ డ్రైవ్ చెవికి గుచ్చుకోదు. డ్రైవ్ చానెల్‌లో 4, 5 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి.

హైదరాబాద్_బేస్:
ఇవాళ మూడు గంటలు కూర్చున్నాను. అడాప్టర్ నిజంగానే చాలడం లేదు, వేరేది పెట్టాక పెడల్‌కి కొత్త ప్రాణం వచ్చింది. గురువుగారు చెప్పినట్టు బ్రిడ్జ్ ఏడు, గెయిన్ సగం: వేళ్ల కింద మెట్లు తెలిశాయి, చాలా బాగుంది, కానీ హమ్ ఉంది. తర్వాత రెండు పికప్‌లూ సమానంగా తెరిచి, పెడల్‌కి ముందే సిగ్నల్‌ని రెండుగా పంచి, ఒకటి డ్రైవ్‌కి, ఒకటి క్లీన్‌గా మిక్సర్‌కి పంపాను. హమ్ లేదు. మొదట బేస్ పలచగా ఉంది. ఫేజ్ బటన్ నొక్కగానే గది కిటికీ అద్దం మోగింది.

కాబట్టి పికప్‌లని విడదీయకూడదన్న నా మాట మీదే ఉన్నాను, క్లీన్ కావాలన్న మాటకి మాత్రం ఓడిపోయాను. ఆదివారం రిహార్సల్‌లో డ్రమ్మర్‌కి చెప్పకుండా రెండు పద్ధతుల్లోనూ వాయిస్తాను. సోల్డరింగ్_గన్ గారూ, స్టేజ్ మీద ఫేజ్ తిప్పే బటన్ ఉన్న చిన్న మిక్సర్ బాక్స్ మీరే చేసివ్వగలరా?