అయిదు గోల్స్ కొడితే కూడా ‘బోణీ’ అనొచ్చా?

పోస్ట్:
గ్రూపు పెద్దలకు నమస్కారం. చిన్న సందేహం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులం కొందరం పాత మ్యాచ్‌ల గురించి మాట్లాడుకుంటుంటే 2021 ఆగస్టు 14 నాటి ఆట ప్రస్తావన వచ్చింది. సీజన్‌లో మొదటి మ్యాచ్, సొంత మైదానం ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో లీడ్స్ జట్టు మీద 5-1తో గెలుపు. “ఆ ఏడాది యునైటెడ్ బోణీ అదిరింది” అని రాశాను. మా అన్నయ్య ఒప్పుకోలేదు. బోణీ అంటే పొద్దున్నే జరిగే చిన్న బేరమట, అయిదు గోల్స్‌కి ఆ మాట ఆనదట. మరేమనాలి?

కామెంట్:
‘శుభారంభం’ అనండి. హుందాగా ఉంటుంది.

కామెంట్:
హుందాగానే ఉంటుంది కానీ గోల్ పడగానే ఎవరి నోటా రాదండీ. ఆ రోజు మనకు సాయంత్రం అయిదింటికి మొదలైంది మ్యాచ్. గంట ఏడు కొట్టేసరికి ఫోన్ల నిండా “కుమ్మేశారు”, “ఉతికి ఆరేశారు”, “పోగ్బా మామూలుగా లేడు భయ్యా” ఇవే. శుభారంభం అన్నవాళ్లు ఒక్కరూ కనబడలేదు.

కామెంట్:
మీ అన్నయ్యగారు గోల్స్ లెక్క చూస్తున్నారు. బోణీకి ఆ లెక్కతో పని లేదండీ. పది రూపాయల నిమ్మకాయలు అమ్మినా బోణీయే, పట్టుచీర అమ్మినా బోణీయే. మొదటి బేరం కుదిరిందా లేదా, అంతే. “బోణీ బేరం, కాదనకండి” అని కాస్త తగ్గించైనా ఇస్తారు. వచ్చిన నోటు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తారు. బోణీ కాకముందు అప్పు మాత్రం అడగకూడదు.

ఆటల్లోకి వచ్చాక కూడా ఈ అర్థం చెడలేదు. మొదటి మ్యాచ్‌కీ బోణీకీ ముడి లేదు, మొదటి గెలుపే బోణీ. మన హైదరాబాద్ ఎఫ్‌సీనే తీసుకోండి. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో మొదటి మ్యాచ్ చెన్నయిన్ జట్టు చేతిలో 0-1తో ఓడింది. రెండో మ్యాచ్‌లో, అప్పటి చాంపియన్ ముంబై సిటీని 3-1తో ఓడించింది. బోణీ అంటే అదీ! అక్కడ శుభారంభం అంటే తప్పవుతుంది, బోణీ అంటే అతికినట్టు సరిపోతుంది. ఆ జట్టే 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన ఆ రాత్రిని హైదరాబాద్ అభిమాని ఎవరైనా మరిచిపోతారా?

యునైటెడ్ సంగతికొస్తే, మొదటి మ్యాచే గెలిచింది కాబట్టి బోణీ, శుభారంభం రెండూ చెల్లుతాయి. ఎలా గెలిచిందో చెప్పడానికే ఆ రెండూ చాలవు. మొదటి గోల్ బ్రూనోది. విరామం తర్వాత లీడ్స్ ఆటగాడు ఐలింగ్ దూరం నుంచి కొట్టిన షాట్‌తో స్కోరు 1-1 అయింది. ఆపైన యునైటెడ్ గోల్స్ వరస చూడండి: 52వ నిమిషంలో గ్రీన్‌వుడ్, 54లో బ్రూనో, 60లో మళ్లీ బ్రూనో. ఆ 54వ నిమిషం గోల్‌ని ఐలింగే లైన్ దగ్గర తన్నేశాడు, బంతి అప్పటికే లోపలికి వెళ్లిందని గోల్‌లైన్ టెక్నాలజీ తేల్చింది. 68లో ఫ్రెడ్. బ్రూనోకి హ్యాట్రిక్, అయిదింట్లో నాలుగు గోల్స్‌కి పాస్ పోగ్బాదే. ‘చిత్తు చేసింది’ అని రాస్తారు పేపర్లో. చిత్తు కుస్తీ మాట, వీపు నేలకు ఆనిందంటే ఆట అయిపోయినట్టే. ఇక్కడ జరిగింది అది కాదు. ఎదుటివాడికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా పొడిచిన చోటే మళ్లీ పొడవడం, అంటే కుమ్మడం. అభిమానుల నోట ఆ మాట ఊరికే రాలేదు.

కామెంట్:
అన్నా, ఆ తర్వాత కథ కూడా చెప్పాలి. అక్టోబరులో అదే ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో లివర్‌పూల్ చేతిలో 0-5. నవంబరులో వాట్‌ఫోర్డ్ 4-1తో ఓడించిన మర్నాడే కోచ్ సోల్షేర్‌ని తీసేశారు. చివరికి 58 పాయింట్లు, ఆరో స్థానం. దీన్ని ఆరంభశూరత్వం అనాలి.

కామెంట్:
అనకూడదు తమ్ముడూ. ఆరంభశూరత్వం, ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ల మీద వేసే నింద. సీజనంతా అయ్యాక దాన్ని తెచ్చి ఆ ఆగస్టు సాయంత్రానికి తగిలించడం అన్యాయం. కోవిడ్ తర్వాత లీగ్ మ్యాచ్‌కి ఓల్డ్ ట్రాఫోర్డ్ మళ్లీ నిండింది ఆ రోజే, 72 వేల పైచిలుకు జనం. మ్యాచ్‌కి ముందు జట్టులోకి కొత్తగా వచ్చిన వరాన్‌ని మైదానంలోకి తెచ్చి చూపించారు. ఆ జనం గొంతు చించుకుని అరిచింది ఆ రోజు కళ్లెదుట ఉన్న ఆటకి. బోణీ అన్న మాట నాకు నచ్చేదీ అందుకే. పొద్దున బోణీ బాగుందని సాయంత్రానికి సరుకంతా అమ్ముడవుతుందని ఏ కొట్టువాడూ రాసివ్వడు. ఆశ పడతాడు, అంతే.

పోస్ట్ చేసినవారు:
చాలా సంతోషం అండీ, ఇది అన్నయ్యకి పంపిస్తున్నా. ఇంకొక్కటి. బోణీ ‘చేసింది’ అనాలా, ‘కొట్టింది’ అనాలా?

కామెంట్:
బజారులో బోణీ చేసేది కొనేవాళ్లు, “మీరే బోణీ చేయండమ్మా” అంటారు. కొట్టువాడికి బోణీ అవుతుంది. ఆటలో జట్టు తన గెలుపు తానే తెచ్చుకుంటుంది కాబట్టి ‘కొట్టింది’ స్థిరపడింది, పైగా గోల్ కూడా కొట్టేదే కదా. మీ వాక్యం ఇలా మార్చి చూడండి: “లీడ్స్‌ని కుమ్మేసి యునైటెడ్ బోణీ కొట్టింది.” అన్నయ్యగారు దీనికీ ఒప్పుకోకపోతే ఆయన్ని గ్రూపులో చేర్చండి, మాట్లాడదాం.