అప్‌డేట్: సున్నం కొట్టినట్టున్న ముఖాలకు రంగు వచ్చింది

28 మిల్లీమీటర్ల ఫాంటసీ బొమ్మలకు అక్రిలిక్ రంగులు వేస్తే చర్మం సున్నం కొట్టినట్టు పాలిపోతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. సమస్య తీరింది.

పనిచేసింది ఇది: వెలుగు పడే చోట్ల తెలుపు కలపడం మానేశాను. తెలుపు చర్మాన్ని లేతపరచడమే కాదు, అందులోని వెచ్చదనాన్నీ లాగేస్తుంది. బదులుగా దంతపు రంగు, చామనఛాయ బొమ్మలకైతే పసుపు ఓకర్ (మట్టి పసుపు రంగు) వాడాను. నీడకు నలుపు కాకుండా ఎర్ర గోధుమలో చుక్క ఊదా. ముక్కు కొన, కింది పెదవి, చెవుల మీద పలుచని ఎరుపు పడగానే ముఖానికి ప్రాణం వచ్చింది.

మా తిరుపతికి దగ్గర్లోని మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కి రంగులు వేసే ఒక పెద్దాయనకు కూడా చూపించాను. అంత చిన్న బొమ్మను చూసి ముందు నవ్వారు. తర్వాత, "రంగు చిక్కగా ఉంది నాయనా. పలుచన చేసి, ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి వెయ్యి" అన్నారు. నీడకూ వెలుగుకూ మధ్య గీత పోయింది అలాగే.

ప్రైమర్ (రంగులకు ముందు వేసే అడుగు పూత) మార్చడం, మూడు సున్నాల (000) అతి సన్నని కుంచె కొనడం అనవసరం. అంత సన్నని కుంచె మీద రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. మొన తేలిన ఒకటో నంబరు చాలు. ఇక్కడి ఎండకు పళ్లెంలో రంగు గట్టిపడకుండా తడి టిష్యూ మీద బటర్ పేపర్ పరిచాను.

ఆకుపచ్చ ఓర్క్‌ల (ఫాంటసీ కథల్లోని రాక్షసుల) నీడకు అదే ఆకుపచ్చలో కాస్త ఎరుపు కలపండి, బాగా కుదురుతోంది.